సొమ్మొకడిది... సోకొకడిదా?

విండ్సర్‌లో ఉండే ఓ పెద్దాయన కిందటి క్రిస్మస్ సెలవుల్లో మాకు ఫోన్ చేశారు. "మావాడి పేరు పేపర్లో పడిందండీ. మీరు కూడా ఓ ముక్క రాయాలి" అన్నారు. పేపరంటే మన తెలుగు పేపరే అనుకున్నాం. ఏ రోజుది, ఏ ఎడిషన్ అని అడిగాం. "అబ్బే, ఈ పేపరు కాదండీ. డాక్టర్ల పేపరు" అన్నారు నవ్వుతూ.

ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాం. ఆయనది తణుకు దగ్గర పల్లె. విండ్సర్ వచ్చి పందొమ్మిదేళ్ళయింది. కార్ల సీట్లు తయారుచేసే ఫ్యాక్టరీలో పని, ఎక్కువగా నైట్ షిఫ్టే. కొడుకు సర్జరీ ట్రైనింగ్‌లో రెండో ఏడు. పనిచేసేది ఈ ఊళ్ళో కాదు, వేరే ఊరి ఆస్పత్రిలో. ఆ ఆస్పత్రి పేరు ఇక్కడ అనవసరం. సెలవులకని ఇంటికొచ్చాడు.

ఫ్రిజ్ మీద అయస్కాంతం పెట్టి అంటించిన కాగితాలు చూపించారు పెద్దాయన. పిత్తాశయం ఆపరేషన్ల మీద ఎనిమిది పేజీల పరిశోధన వ్యాసం. పైన తొమ్మిది పేర్లు. ఒకటికి రెండుసార్లు చదివాం. వాళ్ళబ్బాయి పేరు అందులో లేదు. చివరి పేజీలో, చీమల బారులాంటి అక్షరాల్లో 'కృతజ్ఞతలు' కింద ఉంది.

కుర్రాడు తల దించుకున్నాడు. "412 కేసు షీట్లు అంకుల్. డ్యూటీ అయ్యాక రాత్రిళ్ళు కూర్చుని ఒక్కొక్కటీ తిరగేసి ఎక్సెల్‌లో ఎక్కించాను. అందులో లెక్కల్ని సరిచేసింది కూడా నేనే. పేపరు రాసేటప్పుడు నన్ను పిలవలేదు. అచ్చయ్యాక చూశాను" అన్నాడు.

పెద్దాయన మొహంలో రంగు మారింది. అప్పటిదాకా ఆయనకు సంగతి తెలియదు. కొడుకు చెప్పలేదు. "అంటే ఏంటండీ... రాత్రిళ్ళు మేలుకున్నది వీడు, పేర్లు వాళ్ళవీనా? సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టు?" అన్నారు.

ఈ ప్రశ్న ఆ ఒక్క ఇంటిది కాదు. విండ్సర్‌లో 2008లో వెస్టర్న్ యూనివర్సిటీ వాళ్ళ షూలిక్ మెడికల్ స్కూలు క్యాంపస్ మొదలైంది. నది దాటితే డెట్రాయిట్ ఆస్పత్రులు. మన పిల్లలు డాక్టర్లవుతున్నారు. ఇండియాలో ఎంబీబీఎస్ చేసి ఇక్కడ సీటు కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్నవాళ్ళూ మనలో ఉన్నారు. వాళ్ళందరికీ ఈ 'పేపర్ల' గొడవ తెలుసు. తెలియనిదల్లా ఇంట్లోవాళ్ళకే. అందుకే కాస్త వివరంగా తెలుసుకుందామని బయల్దేరాం.

పేర్ల వరసలోనే ఉంది కథ

డాక్టరు ఓ కొత్త సంగతి కనిపెడితేనో, వందల కేసులు పరిశీలించి ఓ నిజం తేలిస్తేనో దాన్ని వైద్య పత్రికకు పంపుతారు. అక్కడ ఇతర నిపుణులు చదివి, తప్పొప్పులు చూసి, బాగుందంటేనే అచ్చవుతుంది. అదే 'పేపరు'. పైన వరసగా పేర్లుంటాయి. చూడ్డానికి పెళ్ళి శుభలేఖలో పేర్లలాగే ఉంటాయి కానీ ఆ వరసకు అర్థం ఉంది.

వైద్యరంగంలో సాధారణంగా మొదటి పేరు పనిలో పెద్ద భాగం చేసినవాళ్ళది. ఆఖరి పేరు దారి చూపించిన పెద్ద డాక్టరుది. మధ్యలోవి మిగతావాళ్ళవి. పత్రికతో ఉత్తరప్రత్యుత్తరాలు నడిపేవారిని 'కరస్పాండింగ్ ఆథర్' అంటారు. కృతజ్ఞతల్లో పడ్డ పేరు మాత్రం రచయిత లెక్కలోకి రాదు. రేపు ఎవరైనా ఆ కుర్రాడి పేరుతో వెతికితే ఆ పేపరు అతని ఖాతాలో కనిపించదు.

అయితే ఏం పోయింది అంటారా? చాలానే పోతుంది. కెనడాలో జనరల్ సర్జరీ ట్రైనింగ్ ఐదేళ్ళు. ఆ తర్వాత క్యాన్సర్ సర్జరీ అనో, కాలేయం అనో ప్రత్యేక శిక్షణకు వెళ్ళాలంటే ఫెలోషిప్ కావాలి. అక్కడ అడిగే వాటిలో పేపర్లు ఒకటి. రాయల్ కాలేజీ వాళ్ళు మంచి డాక్టరుకు ఉండాల్సిన ఏడు పాత్రలని 'క్యాన్‌మెడ్స్' పేరుతో చెబుతారు. అందులో 'స్కాలర్', అంటే నేర్చుకుంటూ కొత్తది కనిపెట్టేవాడు, ఒక పాత్ర. ఇండియాలోనూ అంతే. మెడికల్ కాలేజీ టీచర్ల ప్రమోషన్లకు పేపర్లు కావాలి. 2015లో మెడికల్ కౌన్సిల్ మొదటి ఇద్దరు రచయితలకే లెక్క అని చెప్పేసరికి మూడో పేరు దగ్గర్నుంచి అందరూ గొల్లుమన్నారు. ఆ నిబంధన ఆ తర్వాత మారింది. కానీ పేరు ఎన్నోది అనే పట్టింపు మాత్రం పోలేదు.

వాంకూవర్‌లో పుట్టిన రూలు

మరి ఎవరిని రచయిత అనాలి? దీనికి రూలు ఉంది. అది మన కెనడాలోనే మొదలైంది. 1978లో కొందరు వైద్య పత్రికల సంపాదకులు వాంకూవర్‌లో కూర్చున్నారు. వ్యాసాలు ఏ పద్ధతిలో పంపాలో ఒకే మాట మీద ఉందామన్నారు. ఆ వాంకూవర్ గ్రూపే తర్వాత అంతర్జాతీయ వైద్య పత్రికల సంపాదకుల కమిటీ అయింది. రచయిత ఎవరన్న సంగతీ వాళ్ళే తేల్చారు. 2013 నుంచి నాలుగు షరతులు అమల్లో ఉన్నాయి.

ఒకటి, ఆలోచనలోనో, పథకంలోనో, వివరాలు సేకరించడంలోనో, వాటిని విశ్లేషించడంలోనో గట్టి పాత్ర ఉండాలి. రెండు, వ్యాసం రాయడంలోనో, బుర్రపెట్టి దిద్దడంలోనో పాలుండాలి. మూడు, అచ్చుకు వెళ్ళే ప్రతిని చూసి సరేననాలి. నాలుగు, రేపు దాని మీద ఏ ప్రశ్న వచ్చినా జవాబుదారీ తీసుకోవాలి. నాలుగూ ఉంటేనే రచయిత. మూడుంటే చాలదు.

డబ్బు తెచ్చిపెట్టినంత మాత్రాన రచయిత కారు. విభాగానికి అధిపతి అయినంత మాత్రాన కారు. ఆ రోగులకు వైద్యం చేసినంత మాత్రాన కూడా కారు. వీళ్ళందరికీ కృతజ్ఞతలు చెబితే సరిపోతుంది.

"అయితే మావాడు రెండోది, మూడోది చేయలేదు కాబట్టి కృతజ్ఞతలే న్యాయమన్నమాట" అన్నారు పెద్దాయన నీరసంగా.

కాదు. ఇక్కడే చాలామంది కుర్ర డాక్టర్లకు తెలియని ముక్క ఒకటుంది. మొదటి షరతు నెరవేర్చినవాళ్ళకి మిగతా వాటిలో పాల్గొనే అవకాశం ఇచ్చి తీరాలని ఆ రూలే చెబుతోంది. రాసేటప్పుడు పిలవకుండా ఉండి, 'నువ్వు రాయలేదు కాబట్టి నీ పేరు లేదు' అనడం కుదరదు. ఎవరినీ తప్పించడానికి ఈ షరతుల్ని వాడుకోకూడదని స్పష్టంగా ఉంది. 412 షీట్లు తిరగేసి, లెక్కలు సరిచేసిన కుర్రాడికి డ్రాఫ్టు పంపి 'చూడు బాబూ' అనాల్సింది. అనలేదు. తప్పు జరిగింది అక్కడ.

"నాకీ మాట తెలియదు అంకుల్" అన్నాడు కుర్రాడు.

ముగ్గురిని అడిగితే మూడు మాటలు

ఆ తర్వాత సర్జరీ ట్రైనింగ్‌లో ఉన్న మరికొందరు తెలుగు పిల్లలతో ఫోన్లో మాట్లాడాం. పేర్లు రాయొద్దన్నారు, రాయడం లేదు. ఒక్కొక్కరిదీ ఒక్కో లెక్క.

నది అవతల పనిచేసే ఒకమ్మాయి, "ఆపరేషన్ చేసిన సర్జన్ పేరు పెట్టకపోతే ఎలాగండీ? ఆ పేషెంట్లు ఆయనవాళ్ళే కదా" అంది. రూలు ప్రకారం అది చాలదని చెబితే ఆశ్చర్యపోయింది. గుంటూరులో చదువుకుని వచ్చిన ఇంకొకతను, "గురువుగారి పేరు వేయకపోతే కళ్ళు పోతాయన్నట్టు పెరిగాం. ఇక్కడా అదే చేస్తున్నాం" అన్నాడు. మూడో అబ్బాయిది ఇంకో భయం. "నా పేరు ఎక్కడుంటుంది అని ముందే అడిగితే ఆశపోతు అనుకుంటారు. రేపు సిఫార్సు లెటర్ రాయాల్సింది కూడా ఆయనే."

మూడింట్లోనూ ఉన్నది ఒకటే. పేరు అనేది చేసిన పనికి లెక్కలా కాకుండా పెద్దవాళ్ళకిచ్చే తాంబూలంలా, చిన్నవాళ్ళకి దక్కే ప్రసాదంలా చూస్తున్నారు. ప్రసాదం దగ్గర బేరమాడరు కదా! అందుకే ఎవరూ నోరు విప్పరు.

తణుకు కుర్రాడు మాత్రం ఇంకో మాట చెప్పాడు. అదీ దాచకుండా చెప్పాడు. "అంకుల్, ఇంకో పేపర్లో నా పేరు వేస్తున్నారు. వచ్చే నెల పంపుతారట. దానికి నేను చేసింది ఏమీ లేదు. ఆ నెల వార్డులో ఉన్నానని కలిపేశారు. పోయిన దానికి ఇది చెల్లు అనుకున్నాను."

రెండు గంటల దూరంలోని కథ

విండ్సర్ నుంచి 401 రోడ్డు ఎక్కితే దాదాపు రెండు గంటల్లో లండన్ వస్తుంది. ఇంగ్లండ్ లండన్ కాదు, మన ఒంటారియో లండన్. అక్కడ బాంటింగ్ హౌస్ అని ఓ ఇల్లు ఉంది. 1920లో ఫ్రెడరిక్ బాంటింగ్ అనే కుర్ర సర్జన్ ఆ ఇంట్లో ప్రాక్టీసు పెట్టాడు. పేషెంట్లు రాలేదు. ఖర్చులకని వెస్టర్న్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పుకునేవాడు. ఆ ఏడాది అక్టోబరు 31 తెల్లవారుజామున చక్కెర వ్యాధి మీద ఓ ఆలోచన తట్టి లేచి కాగితం మీద రాసుకున్నాడు.

టొరంటోలో ప్రొఫెసర్ మెక్లాయిడ్ 1921 వేసవిలో అతనికి లేబరేటరీ ఇచ్చాడు. సాయానికి చార్లెస్ బెస్ట్ అనే ఇరవై రెండేళ్ళ కుర్రాణ్ణి ఇచ్చాడు. పని సాగింది. ఆ డిసెంబరులో న్యూహేవెన్‌లో జరిగిన సభలో బాంటింగ్ తడబడ్డాడు. మెక్లాయిడ్ లేచి జవాబులు చెబుతూ 'మేము' అన్నాడు. ఆ 'మేము' అన్న మాట బాంటింగ్ గుండెల్లో ముల్లులా దిగింది. నా పని లాగేసుకుంటున్నాడని అనుకున్నాడు.

కానీ 1922 ఫిబ్రవరిలో వచ్చిన తొలి పేపరు తీసి చూడండి. దాని మీద ఉన్నవి రెండే పేర్లు. బాంటింగ్, బెస్ట్. పేరు కలుపుతామన్నా మెక్లాయిడ్ వద్దన్నాడు, అది వాళ్ళ పని అన్నాడు. లేబరేటరీ ఆయనది, సలహా ఆయనది, విభాగం ఆయనది. అయినా పేరు వేసుకోలేదు. ఈ రోజుల్లో ఎంతమంది అలా వద్దంటారు?

1923లో నోబెల్ బాంటింగ్‌కీ మెక్లాయిడ్‌కీ వచ్చింది. బెస్ట్‌ను వదిలేశారని బాంటింగ్ మండిపడి తన డబ్బులో సగం బెస్ట్‌కు ఇచ్చాడు. మెక్లాయిడ్ తన వాటాలో సగం ఇన్సులిన్‌ను శుద్ధి చేసిన కాలిప్‌కు ఇచ్చాడు. ప్రాణాలు నిలబెట్టే మందు కనిపెట్టినవాళ్ళు కూడా పేరు దగ్గరికొచ్చేసరికి ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు. పేరు అంత బరువైనది.

మన భీమవరం డాక్టరు

ఇక మన సొంత కథ. ఎల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివి 1922లో అమెరికా వెళ్ళారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే దగ్గర పనిచేశారు. 1925లో ఇద్దరూ కలిసి భాస్వరం కొలిచే పద్ధతి ప్రకటించారు. 'ఫిస్కే-సుబ్బారావు పద్ధతి' అని లేబరేటరీల్లో దశాబ్దాలపాటు వాడారు. కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను కనిపెట్టిన పేపరు 1927లో వచ్చింది. ఇక్కడిదాకా ఆయన పేరు ఉంది.

ఆ తర్వాత? 1988లో నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ ఒకప్పుడు హార్వర్డ్‌లో ఆయన సహచరుడు. సుబ్బారావు చేసిన పనిని ఫిస్కే వెలుగు చూడనివ్వలేదని, అందులో కొన్నింటిని ఏళ్ళ తర్వాత వేరేవాళ్ళు మళ్ళీ కనిపెట్టాల్సి వచ్చిందని ఆయన అన్నాడు. హార్వర్డ్‌లో పక్కా ఉద్యోగం దక్కక సుబ్బారావుగారు 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్ళారు. ఫోలిక్ ఆమ్లం, బోదకాలుకు వాడే మందు, క్యాన్సర్‌కు వాడే అమైనోప్టెరిన్... ఇవన్నీ ఆయన నడిపించిన బృందాలు చేసినవే.

1948 జూన్‌లో బోస్టన్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ఓ పేపరు ప్రచురించారు. బ్లడ్ క్యాన్సర్ వచ్చిన పిల్లలకు అమైనోప్టెరిన్ ఇస్తే కొంతకాలమైనా జబ్బు తగ్గిందన్న పేపరది. క్యాన్సర్ మందుల చరిత్రే అక్కడ మలుపు తిరిగింది. దాని మీద ఐదు పేర్లున్నాయి. మందు అందించిన సుబ్బారావుగారి పేరు ఆ ఐదింటిలో లేదు. నేటి రూలు ప్రకారం చూసినా, మందు ఇచ్చినంత మాత్రాన రచయిత కారు, నిజమే. కానీ ఫలితం ఏమైంది? ఆ ఆగస్టులోనే ఆయన పోయారు. ఫార్బర్ పేరు లోకానికి తెలిసింది. భీమవరం డాక్టరు పేరు మన ఊళ్ళలోనే చాలామందికి తెలియలేదు.

సర్జరీలో ఇంకో పేరు కూడా చెప్పుకోవాలి. వివియన్ థామస్. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్‌లో పనిచేసిన నల్లజాతి టెక్నీషియన్. పుట్టుకతో గుండె జబ్బున్న 'నీలి పిల్లల' ఆపరేషన్‌ను కుక్కల మీద చేసి సాధ్యమేనని చూపించింది ఆయనే. 1944 నవంబరులో తొలి పాపకు ఆపరేషన్ జరిగినప్పుడు సర్జన్ బ్లాలాక్ వెనక నిలబడి ఎలా కుట్టాలో చెప్పింది కూడా ఆయనే. 1945లో వచ్చిన పేపరు మీద బ్లాలాక్, టాసిగ్ పేర్లే ఉన్నాయి. థామస్‌కు ఆ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చేసరికి 1976 వచ్చింది.

ఊరికే వచ్చిన పేరు ఊరికే పోదు

దక్కాల్సిన పేరు దక్కకపోవడం ఒక అన్యాయం. చేయని పనికి పేరు దక్కడం ఇంకో అన్యాయం. దాన్ని 'గిఫ్ట్ ఆథర్‌షిప్' అంటారు. ఎంత ఉందో కూడా లెక్క తీశారు. 2008లో ఆరు పెద్ద వైద్య పత్రికల్లో వచ్చిన వ్యాసాలు చూస్తే, 21 శాతం వాటిలో చేయనివాళ్ళ పేర్లు ఉండటమో, చేసినవాళ్ళ పేర్లు లేకపోవడమో తేలింది. 1996లో అది 29 శాతం. తగ్గింది కానీ పోలేదు.

ఊరికే వచ్చిన పేరు ఒక్కోసారి మెడకు చుట్టుకుంటుంది. 1994లో లండన్‌లో మాల్కం పియర్స్ అనే డాక్టరు గర్భసంచి బయట నిలిచిన గర్భాన్ని లోపలికి మార్చి బిడ్డను పుట్టించామని పేపరు రాశాడు. అంతా కట్టుకథ. అలాంటి పేషెంటే లేదు. ఆ పేపరు మీద జెఫ్రీ చాంబర్లేన్ పేరు కూడా ఉంది. ఆయన విభాగాధిపతి, పేపరు అచ్చయిన పత్రికకు సంపాదకుడు, బ్రిటన్ ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీకి అధ్యక్షుడు. ఆ పనిలో ఆయన చేసింది ఏమీ లేదు. మర్యాదకు వేసిన పేరు. మోసం బయటపడ్డాక సంపాదక, అధ్యక్ష పదవులు వదులుకోవాల్సి వచ్చింది. పియర్స్ డాక్టరు రిజిస్ట్రేషన్ కూడా పోయింది. మోసం చేసింది ఒకరు, నమ్మి పేరిచ్చింది ఇంకొకరు. ఇద్దరూ మునిగారు.

మరి ఏం చేయాలి?

పెద్ద డాక్టర్లతో, చదువుకున్నవాళ్ళతో మాట్లాడి, రూళ్ళు చదివి మాకు తెలిసినవి ఇక్కడ చెబుతున్నాం. మీ ఇంట్లో డాక్టరు పిల్లలుంటే కత్తిరించి ఇవ్వండి.

* పని మొదలుపెట్టకముందే అడగాలి. 'నా పేరు ఎన్నోది?' అని కాదు, 'ఇందులో నా పని ఏంటి సార్, పేపరు రాసేటప్పుడు నేనూ పాల్గొనవచ్చా?' అని అడిగితే ఎవరూ తప్పుపట్టరు.
* మాట్లాడుకున్నది ఆ సాయంత్రమే నాలుగు ముక్కల్లో ఈమెయిల్ పెట్టాలి. వివాదం కోసం కాదు, మరుపు కోసం.
* ట్రైనింగ్‌లో రెండు మూడు నెలలకోసారి విభాగం మారుతుంది. మారేటప్పుడు 'డ్రాఫ్టు తయారైతే నాకూ పంపండి' అని చెప్పి వెళ్ళాలి. ఎక్కువమంది పేర్లు జారిపోయేది ఈ మలుపులోనే.
* ఎవరు ఏం చేశారో పేపర్లోనే రాయమనే పత్రికలు ఇప్పుడు చాలా ఉన్నాయి. 'క్రెడిట్' అనే పద్ధతిలో 14 రకాల పనులు విడివిడిగా చూపిస్తారు. అలాంటి పట్టికను ముందే నింపుకుంటే గొడవ ఉండదు.
* అన్యాయం జరిగితే ముందు ఆ పెద్ద డాక్టరుతోనే నెమ్మదిగా మాట్లాడాలి. తేలకపోతే యూనివర్సిటీలో పరిశోధన నైతికత చూసే ఆఫీసు ఉంటుంది. పత్రిక సంపాదకులు ఇలాంటి తగవులు తీర్చరు, సంస్థకే పంపుతారు. కెనడాలో పరిశోధనకు డబ్బిచ్చే మూడు ప్రభుత్వ సంస్థల నియమావళి 2011 నుంచి ఉంది. గట్టిగా పనిచేసిన వాళ్ళందరి పేర్లూ ఉండాలి, వాళ్ళవి మాత్రమే ఉండాలి అని అది చెబుతోంది.
* డబ్బు కడితే పేపర్లో పేరు వేయిస్తామనే ఏజెంట్ల జోలికి పోవద్దు. సీటు కోసం ఎదురుచూసే డాక్టర్లను వీళ్ళు వల వేస్తారు. బయటపడితే వచ్చే సీటు కూడా రాదు.
* కంప్యూటరు చాట్ ప్రోగ్రాములను రచయితగా వేయకూడదని సంపాదకుల కమిటీ 2023లో చెప్పింది. కారణం సులువే. రేపు తప్పు జరిగితే జవాబు చెప్పేది మనిషే.

సీటు మీద స్టాంపు

ఫిబ్రవరిలో పెద్దాయన మళ్ళీ ఫోన్ చేశారు. "మావాడు ఆ రెండో పేపర్లోంచి తన పేరు తీసేయమని వాళ్ళ పెద్దడాక్టరుకి ఉత్తరం రాశాడండీ. ఉన్న పేరు తీయించుకోవడం ఏంట్రా అని తిట్టాను" అన్నారు.

వాళ్ళమ్మ కూడా గోల పెట్టిందట. ఒక పేరు పోగొట్టుకున్నవాడు ఇంకోటి వదులుకోవడమేంటని. అప్పుడు కుర్రాడు నాన్నని ఓ ప్రశ్న అడిగాడట. "నాన్నా, మీ లైన్లో సీటు చూసి స్టాంపు వేస్తారు కదా. నువ్వు సెలవులో ఉన్న రోజు తయారైన సీటు మీద నీ స్టాంపు వేస్తానంటే ఒప్పుకుంటావా?"

"ఛస్తే ఒప్పుకోనన్నానండీ. రేపు ఆ సీటు బెల్టు ఊడి ఎవరికైనా ఏదైనా అయితే? నేను చూడని దానికి నేనెలా పూచీ పడతాను?" అన్నారు పెద్దాయన. ఒక్క క్షణం ఆగి, "అప్పుడర్థమైందండీ. వాడిదీ అదే పనని" అన్నారు.

మరి మొదటి పేపరు సంగతి? కుర్రాడు ఆ పెద్ద డాక్టరుని కలిసి మర్యాదగానే అడిగాడట. అచ్చయిపోయిన దాన్ని మార్చడం కష్టమన్నారు. కానీ అదే వివరాలతో రాయబోయే తర్వాతి పేపరుకు మొదటి డ్రాఫ్టు నువ్వే రాయి అన్నారు. రాస్తున్నాడు. అందులో ఎవరి పేరు ఎక్కడుంటుందో ఈసారి ముందే కాగితం మీద పెట్టుకున్నారు.

ఫ్రిజ్ మీద కాగితాలు తీసేశారా అని అడిగాం.

"ఎందుకు తీస్తానండీ? కృతజ్ఞతలైనా వాడి కష్టానివే కదా. పక్కన కాస్త చోటుంచాను" అన్నారు.